గాలి బరువు

పట్నం కంపెనీలల్ల
ఇల్లంత బాయిలర్ల పెట్టి ఒత్తి కాలుస్తరట.
చండూరు రేకుల షెడ్డుల ఇస్తారికి
పాత ఫ్రిజ్ కంప్రెసరు, బియ్యం డ్రమ్ము,
మూడు వేడి బల్బులు.

మణెమ్మ కాలి అచ్చుకు
నల్ల కార్బన్ బట్ట చుట్టి, జిగురు పూసి,
ప్లాస్టిక్ సంచిల మూసి గాలి గుంజిండు.
సంచి ముడుచుకొని అచ్చును కరుసుకుంది.
"ఎవరు ఒత్తుతున్నరయ్యా?"
"బయటి గాలే. మొగులు దాక ఉన్నదంత."

నడిరాత్రి కరెంటు పోయింది.
మోటరు ఆగంగనే రబ్బరు పైపు మడిచి
పిడికిట్ల పట్టుకొని కూసున్నడు,
మీటరు ముల్లునే చూసుకుంట.

తెల్లారి చూస్తే మోకాలి కాడ
ఆవగింజంత బుడగ.
"ఉండనీ" అని పట్టీలు బిగించుకుంది మణెమ్మ.
ఎర్రరంగు కొట్టిన చేతిబోరు దాక నడిచింది.
అక్కడ ఆగలే.