పట్టుకునే వేలు

ఫిర్యాదు ఒక్క ముక్కే వచ్చింది:
"ముట్టుకుంటే పోతోంది."
పంపింది దేశమ్మ, కాసిమేడు.
పోయింది పద్దెనిమిది కిలోల వంజరం ఆర్డరు.

పెరుంగుడిలో ఆరో అంతస్తు చల్లదనంలో
పొడి వేళ్ళతో నేనెన్నిసార్లు తాకినా
ఏదీ పోలేదు.
జాబితా పైకి జరగమంటే జరిగింది,
పక్కకి బాగా తోస్తేనే చెరిగింది.
"మన వైపు తప్పు లేదు" అని ఇళవేనిల్ టికెట్ మూసేసింది.
నేను మళ్ళీ తెరిచాను.

ఎరిగిన తగువే ఇది.
అద్దం మీద ఒక వేలు వాలగానే
కింద ఇద్దరు లేస్తారు.
జాబితా అంటుంది: నన్ను జరపడానికొచ్చింది.
జాబితాలోని చిన్న మీట అంటుంది: కాదు, నాకోసం.
వేలికి నోరు లేదు.
అందుకని కాస్త ఆగాలి.
ఎనిమిది చుక్కల దూరం,
రెప్పపాటులో సగం,
అది ఎటు మొగ్గుతుందో చూసి
ఒకరికి అప్పజెప్పి
రెండోవాళ్ళకి "రద్దు" అని కబురు పెట్టాలి.
ఆ కబురందుకున్న మీట సంగతి ఎవరికీ పట్టదు.
నొక్కడం మొదలైంది, నొక్కడం పూర్తికాలేదు.
వెలిగిన రంగు వెలిగినట్టే ఉండిపోతే
అది నా తప్పు.
ముట్టీ ముట్టనట్టు అనే మాటకి
మా ఇంటి భాషలో ఉన్నంత చోటు
నా కోడులో లేదు.

తెల్లవారుజాము మూడున్నరకి కాసిమేడు వెళ్ళాను.
ఐసు నీళ్ళు, డీజిలు వాసన, వేలం అరుపులు,
బుట్టలకి దారివ్వనివాళ్ళ మీద తిట్లు,
సగం తమిళం, సగం మన తెలుగు.
దేశమ్మ నన్ను ఎగాదిగా చూసి
"నువ్వేనా ఆ ఫోన్లో ఉండేది" అంది.

ఆమె చెయ్యి చూశాను.
పొలుసులు గీకీ గీకీ
ముద్రలు అరిగిపోయిన వేళ్ళు.
రేషన్ మిషను కూడా గుర్తుపట్టదట.
తడి ఆరదు. ఒక్కో నీటిబొట్టూ
అద్దానికి ఇంకో వేలు.
కుడిచేతిలో కత్తి ఉంటుంది కనక
ఎడమచేత్తోనే పట్టుకోవాలి,
ఆ చేతి బొటనవేలితోనే జరపాలి.
బొటనవేలి మొదట్లో మెత్తటి కండ
ప్రతిసారీ అంచుకి తగిలి
నేనూ ఉన్నానంటోంది.
జాబితా బెదిరి అడ్డంగా జారింది.
నా కళ్ళముందే కానాగంతల బుట్ట ఒకటి
చెరిగిపోయింది.

"చూశావా" అంది, కోపంగా కాదు,
పుచ్చుపన్ను డాక్టరుకి చూపించినట్టు.
"పట్టుకునే వేలు వేరు, అడిగే వేలు వేరు.
నా మనవడికి ఏడాది నిండలేదు, వాడికి తెలుసు.
చంకనేసుకున్న చెయ్యి వాడు పట్టించుకోడు,
చక్కిలిగింత పెట్టే వేలికే నవ్వుతాడు."

నోట్సు రాసుకోబోయాను.
నా వేళ్ళూ తడిసి ఉన్నాయి.
నా ఫోనూ నా మాట వినలేదు.

రెండు వారాలు పట్టింది.
అంచు దగ్గర పుట్టి కదలకుండా ఉన్న స్పర్శని
పక్కన కూర్చోబెట్టాను.
చెరిపేముందు ఐదు సెకన్లు ఆగమన్నాను,
వద్దనుకుంటే వెనక్కి పిలిచే దారి ఒకటి పెట్టాను.
నీటిబొట్టు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు
వేలులా నటించి గెలుస్తూనే ఉంది.
ఆ వరుస పక్కన తెలుగులోనే రాసి ఉంచాను,
పట్టుకునే వేలు, అని.
ఇదేమిటని ఇళవేనిల్ అడిగింది. చెప్పాను.
నవ్వుతుందనుకున్నాను.
ఫోను పట్టుకున్న తన చెయ్యి తిప్పి చూసుకుంది.

ఆ తెల్లవారుజామున నేను బయల్దేరబోతుంటే
దేశమ్మ ఒక చేపని నా ముందు పెట్టి
నొక్కమంది.
"గట్టిగా. భయపడకు."
నొక్కాను. గుంట పడింది.
"ఇప్పుడు తియ్యి."
తీశాను.
చర్మం నెమ్మదిగా, పూర్తిగా
పైకి లేచింది.
"ఇదీ తాజా అంటే. లేవకపోతే కొనకు" అంది.
"రెండొందల ఎనభై. సంచీ తెచ్చుకున్నావా?"