లోతు గడి

పలమనేరు పక్క ఊళ్లనుంచి సీసాలొస్తాయి నా బల్లమీదికి.
తెల్ల ప్లాస్టర్ మీద ఊరి పేరు, రైతు పేరు,
బోరు లోతు: తొమ్మిదొందల అరవై. పదకొండొందల ఇరవై.
పద్నాలుగొందలు అని రాసినదాంట్లో
గోరువెచ్చగా, కొంచెం గంధకం వాసనతో
సగం సీసా.
ఇరవై రెండేండ్లుగా తిరుపతిలో, ఈ గదిలో కూచుని
భూమి అడుగు రుచి చూస్తా ఉండాను
నాలుక తగిలించకుండా.

నీళ్లంటే కిందికి పోవడమే మా జిల్లాకు తెలుసు.
పద్నాలుగు వేల అడుగుల పైన ఒక సరస్సుందంటే
మా నాయన నమ్మలేదు.
"అంత పైన ఎవురు పోసినారమ్మీ?"

ముందు మోకాళ్లకు నేర్పాల గదా.
ఆదివారం తెల్లారి నాలుక్కంతా అలిపిరి.
బరువు కోసం పారబోయాల్సిన శాంపిళ్లు బ్యాగులో నింపుకున్నా.
రామసముద్రం, పుంగనూరు, వి.కోట,
ఫ్లోరైడు ఎక్కువని ఎర్రసిరాతో కొట్టేసిన పన్నెండు లీటర్లు
వీపుమీద గుబగుబమంటా మెట్లెక్కినాయి.
మెట్టుమెట్టుకూ పసుపు పూసి కుంకం పెడతా ఒకామె
"ఏం మొక్కుకున్నావు తల్లీ, ఇంత బరువు?" అనింది.
మొక్కు కాదని చెప్పేదానికి ఊపిరి లేదు.
మోకాళ్ల మిట్ట కాడ మాత్రం
నేనూ అందరి మాదిరే చేతులు మోపి ఎక్కినా.

టెంకాయతో నీళ్లు చూసేవాడు మా నాయన.
అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చెనిక్కాయ కయ్యల్లో నడిస్తే
నీళ్లున్న కాడ అది నిక్కి నిలబడేది.
కెమిస్ట్రీ చదివినదాన్ని, నవ్వేదాన్ని.
గంగులప్ప కయ్యలో
వెయ్యడుగులు దిగినా తెల్లదుమ్మే లేచిన దినం
నవ్వలేదు.
ఆ ముసురుకున్న దుమ్ములో గంగులప్ప పెండ్లాం
బండివాళ్లకు మజ్జిగ పోస్తానే ఉండాది.
ఆ తర్వాత మా నాయన ఎవురికీ అరచెయ్యి చాపలేదు.

నేను రైలెక్కే దినం
జుట్టు తీయని టెంకాయ ఒకటి నా సంచిలో దోపినాడు.
ఏమీ చెప్పలేదు.

మొదటి దినం దేవదార్లు. మూడోదినానికి చెట్టనేదే లేదు.
నాలుగో రాత్రి తల పగిలిపోతాంటే
గుడారంలో వెల్లుల్లి సూపు తాగి, కక్కి, మళ్లీ తాగినా.
గైడు కుందన్ నేగీ బ్యాగు ఎత్తి చూసి, విప్పి చూసి
అందర్నీ పిలిచి చూపించినాడు టెంకాయను.
సుత్తిలాంటి ఆ నవ్వులో నేనూ నవ్వినా.

ఐదోదినం పొద్దున ఒక తెల్లటి మైదానం.
"సరస్సేది?" అన్నా.
"దానిమీదే నిలబడి ఉన్నారు మేడం."

ఎవురూ చూడని పక్కకు తిరిగి
చేతితొడుగు తీసి, అరచేతిలో టెంకాయ పెట్టుకున్నా.
కాళ్ల కింద అన్ని నీళ్లు.
కదల్లేదది.
చెవి దగ్గర ఆడించి చూసినా. చప్పుడు లేదు,
లోపలిది కూడా గడ్డకట్టుకోనింది.
వేళ్లు తిమ్మిరెక్కి నొప్పి తెలియకుండా పోయేదాకా
అట్లే పట్టుకోనున్నా.

దిగేటప్పుడు, ఎండ తగిలిన ఒక రాతికాడ
సంచిలోనుంచి గుబుక్ అనింది.
అక్కడే పగలగొట్టినాం. ఏడుగురికి ఏడు ముక్కలు.
గంధం రంగు కంచర గాడిదకు చిప్ప అడుగు గీరి పెట్టినాడు కుందన్.

అంచులో మంచు పగలగొట్టి అతను నింపిచ్చిన సీసా
ఇప్పుడు నా బల్లమీదుంది, పుంగనూరు పక్కన.
ఉప్పులు దాదాపు లేవు. ఫ్లోరైడు లేదు.
నిజం చెప్పాలంటే రుచీ లేదు,
ఈసారి నాలుక తగిలించి చూసినా.
ఊరి పేరు రాసినా. రైతు పేరు దగ్గర గీత గీసినా.
బోరు లోతు అనే గడి దగ్గర
పెన్ను ఆగింది, ఫోను మోగింది.

లేచిందా అని అడుగుతాడనుకుంటి.
ఒక అబద్ధం కూడా సిద్ధం చేసి పెట్టుకున్నా.
"టెంకాయ తియ్యగుండిందా?" అన్నాడు.