తొమ్మిదడుగుల రెండంగుళాలు

ఒంగోలు ట్రంకు రోడ్డులో, ఏసీ షోరూములో
గోడంత తెర ముందు నిలబడి
నేను చేసిన మొదటి పని
దాని మీదకి వంగడం.

ముప్పై ఏళ్ళ అలవాటు.
చీమకుర్తిలో పాలిషయి వచ్చిన ప్రతి పలక మీదకీ
ఇట్టాగే వంగుతాను,
ఒక కన్ను మూసి, తల పక్కకి వాల్చి,
నల్లరాతిలో బంగారు చుక్కల మధ్య
వెంట్రుకంత చీలిక ఎక్కడన్నా దాక్కుందేమోనని.

"అంత దగ్గరికి వద్దు సార్,
ఇది ఎయిట్ కె. మూడు కోట్ల ముప్పై లక్షల చుక్కలు"
అన్నాడు సేల్స్ కుర్రాడు,
సొంత చేలో పైరు చూపిస్తున్నంత ఠీవిగా.

అబద్ధం ఎందుకు, బాగుంది.
పొద్దుతిరుగుడు పువ్వు మీద తేనెటీగ వాలింది.
దాని కాలి నూగుకి అంటిన పుప్పొడి
రేణువు రేణువూ లెక్కపెట్టుకోవచ్చు.
మస్తానమ్మ నా మోచెయ్యి గిల్లి
"ఎంతంట?" అంది.
చెప్పాడు.
ఈగ ఎగిరిపోయింది.

నా బెల్టుకి టేపు ఎప్పుడూ వేలాడుతుంటుంది.
ఇంట్లో కొలుచుకునే వచ్చాను:
టీవీ గోడ నుంచి నవారు మంచం పట్టె దాకా
తొమ్మిదడుగుల రెండంగుళాలు.
ఆ నున్నటి నేల మీద మళ్ళీ అంతే కొలిచి
ఇద్దరం నిలబడ్డాం.
ఒకే సైజువి రెండు తెరలు పెట్టించి
చీటీలు వెనక్కి తిప్పమన్నాను.
ఏది నాలుగు, ఏది ఎనిమిది?
మస్తానమ్మ తప్పు చెప్పింది.
నేనూ తప్పే చెప్పాను.
రాతిలో వెంట్రుక పట్టే కన్ను నాది.

నలభైమూడంగుళాల ఫోర్ కె
ఆటోలో అడ్డంగా పట్టుకుని
సంతనూతలపాడు గతుకుల్లో ఊపిరి బిగబట్టి
ఇంటికి తెచ్చుకున్నాం.
కేబుల్ మాలకొండయ్య వైరు బిగించి నవ్వాడు:
"బాన ఎంత పెద్దదైతే ఏంది బావా,
నా కాలవలో పారే నీళ్ళు ఇంతే."
సీరియల్లో అత్త మొహం
వానకి తడిసిన పోస్టరులా ఉంది.
మస్తానమ్మకి పట్టలేదు.
ఆమె సీరియల్ చూడదు, వింటుంది,
తెరకి వీపు పెట్టి వెల్లుల్లి ఒలుస్తా.
పిల్లోడి క్రికెట్టు వాడి అరచేతిలోనే.
నాకా, టాసు పడకముందే నిద్ర.

తెల్లారేసరికి క్వారీ దుమ్ము
తెర నిండా పరుచుకుంది.
ఎన్ని కోట్ల చుక్కలో.
బిల్లు ఎవడూ ఇవ్వలేదు.

ఆ వారంలోనే ఒక పలక ఆపాను.
మూల నుంచి జానెడు లోపలికి చీలిక,
గోరు ఆనిస్తే తప్ప తెలియనిది.
సూపర్‌వైజర్ పెంచల్రెడ్డి వచ్చాడు.
"హోటలు లాబీ గోడకి పోయే రాయి, హజరతయ్యా.
జనం పదడుగుల అవతల నుంచి చూస్తారు.
ఎవరికి కనపడుద్ది?"

నా మాట. నా టేపు.
నాకే పెట్టి కొలిచాడు.

కాసేపు నోరు పెగల్లేదు.
పై కప్పు కింద కోత మిషను నీళ్ళు
బురదగా కారుతున్నాయి.
ఎర్ర పెన్సిలు వేళ్ళ మధ్య తిప్పి తిప్పి
చివరికి అడ్డగీత కొట్టాను.
"కనపడదు, నిజమే.
కానీ ఇది పెరుగుద్ది సార్.
టీవీలో చుక్క పెరగదు."

అతనికి టీవీ గొడవ తెలియదు.
నా మొహంలోకి ఒకసారి చూసి
ఇంకో పలక దింపించాడు.

సబబే చెప్పానో,
నోటికి దొరికింది చెప్పానో.
ఆ రాత్రి బొమ్మ ఆడుతుండగా మంచం దిగి
ముక్కు తగిలేంత దగ్గరికి పోయి వంగాను.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సన్నసన్నటి గళ్ళు.
వాటి వెనకెక్కడో అత్త ఏడుస్తోంది.

వీపు మీద వెల్లుల్లి పొట్టు పడింది.
"అడ్డం లెయ్," అంది మస్తానమ్మ,
"వినపడ్డంలా."