చివర గాలం

రాత్రి పదకొండున్నర.
సిటీ ఎడిషన్‌కి ఇంకా ఇరవై నిమిషాలు.
మూడు కాలమ్‌ల జాగా, పద్నాలుగు అక్షరాలు.
ఒక్కటి పెరిగితే పేజీ పెట్టే కుర్రాడు
పాయింటు తగ్గించమంటారా అంటాడు,
నా జీతం తగ్గిస్తున్నట్టు వినిపిస్తుంది నాకు.

మా భావరాజు గారికి ప్రాస కావాలి.
పూర్ణా మార్కెట్లో ధర పెరిగితే 'టమాటా టాటా',
కంచరపాలెంలో నీళ్లాగితే 'కుళాయి కుయ్యో'.
"శీర్షికంటే వాకిట్లో ముగ్గమ్మా,
అది చూసే కదా లోపలికొస్తారు!"
నేనూ పెట్టాను ముగ్గులు, పదకొండేళ్లు.
కొన్నిటి వెనక ఇల్లే లేదు.

వేట నిషేధం రోజుల్లో
ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను,
బోట్లకి పేర్లు రాసే మనిషి మీద ఆదివారం ఐటెం కోసం.
అరిజిల్లి ఎల్లాజీ. చెవి మీద బ్రష్షు, లుంగీ నిండా నీలం.
'నూకాలమ్మ తల్లి' అని రాసి బల్ల దిగాడు.
దిగి, నడిచాడు.
ఐసు గది దాటి, ఎండుచేపల తట్టలు దాటి,
జెట్టీ చివరికంటా నడిచి
అక్కణ్ణించి కళ్లు చికిలించి చూసి
మళ్లీ అంత దూరమూ వెనక్కొచ్చి
'నూ' కొమ్ముదీర్ఘం ఒక్కటీ లావు చేశాడు.

"దగ్గర్నించి సూత్తే అన్నీ బాగుంతాయమ్మా.
మంచులో ఎదరొచ్చే బోటోడికి కనబడాల.
సూడగానే ఎవుల బోటో ఆడికి తెలియాల.
నా సేతి సొగసు ఆడికెందుకు?"

బాగుందనిపించి రాసుకున్నాను.
ఆదివారం అచ్చయింది కూడా.
నేను పెట్టిన శీర్షిక: 'రంగుల రారాజు'.

ఆ కార్తీకంలో వాయుగుండం.
నూకాలమ్మ తల్లి మీద ఏడుగురు, అందులో ఎల్లాజీ అల్లుడు.
నాలుగు రోజులు కబురు లేదు.
రాత్రి పదకొండున్నర. మూడు కాలమ్‌ల జాగా.
జలసమాధి?
ఐదక్షరాలు, ఒక గుర్తు.
పెద్ద పాయింటులో, నల్లగా, డాల్ఫిన్స్ నోస్ కొండలా నిలబడింది.
భావరాజు గారు వెన్ను తట్టారు:
"ఆ చివర గుర్తుంది చూడూ, రేపు మనల్ని కాసేది అదే."

పదో రోజుకి వచ్చేశారు ఏడుగురూ.
ఎక్కడో గోపాల్‌పూర్ వైపు ఒడ్డెక్కి, ఎవరిదో ఉప్పు లారీలో,
పెదాలు పగిలి, నవ్వలేక నవ్వుతూ.
జాలరిపేట పరుగెత్తాను,
మంచి వార్త, మొదటి పేజీ వార్త.
అల్లుడు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు.
పక్కనే ఎల్లాజీ కూతురు,
నన్ను చూడగానే చేతులు కొంగులోకి లాక్కుంది.
గాజుల్లేవు.
పేపరొచ్చిన పొద్దున్నే ఎవరో పెద్దామె తీయించేసిందట.

ఎల్లాజీ తిట్టలేదు.
మడత పెట్టిన పేపరు చొక్కా జేబులోంచి తీశాడు.
రంగు మరకల వేలు ఆ గుర్తు మీద పెట్టాడు.
"ఐదచ్చరాలూ నానూ సదివీసినాను.
ఈ సివర్న గేలం ఏటమ్మా?
సేపలకి ఏత్తాం.
మనుసులకి కూడా ఏత్తారేటి?"

జవాబు పద్నాలుగు అక్షరాల్లో పట్టలేదు.
పద్నాలుగొందలిచ్చినా పట్టేది కాదు.
టీ ఇచ్చారు. తాగాను. మాటలేవీ రాసుకోలేదు.

ఇప్పుడు శీర్షిక పెట్టాక కుర్చీలోంచి లేస్తాను.
మంచినీళ్ల కూజా దాటి, మెట్ల దాకా నడిచి
అక్కణ్ణించి తెర వంక చూస్తాను.
ఎవరింట్లో పొద్దున్నే ఇది విప్పుతారో
వాళ్ల గుమ్మంలో నిలబడ్డట్టు చూస్తాను.
కొత్త కుర్రాళ్లు నడుం నొప్పనుకుంటారు.

ఆ రాత్రిది కూడా మళ్లీ రాసి చూశాను, ఆర్నెల్ల తర్వాత, ఊరికే,
పాత డైరీ అట్ట మీద:
ఏడుగురి బోటు ఇంకా రాలేదు.
పదకొండు అక్షరాలు. ఇంకా మూడు మిగిలేవి.

భావరాజు గారు భుజం మీంచి తొంగి చూసి
"చప్పగా ఉందమ్మా" అన్నారు.

అవునండీ.
మంచులో కనబడుతుంది.