బాబూల లెక్క

టేపు రెండో కొస నాది.
మొదటి కొస ఇంజినీరు గారిది.
మే నెల. జగదాంబ జంక్షన్లో ఎనిమిది కాకుండానే
చొక్కా వీపుకి అతుక్కుంది.
స్కూటర్ని ఎప్పట్లాగే నీడ చూసి పెట్టొచ్చాను.

నగరం అందరికీ అందాలి,
ఫైలు అట్ట మీద అలాగే ఉంది,
కింద రెండు గీతలతో.

ఫారంలో గడులు: వాలు, వెడల్పు, గట్టు ఎత్తు, అడ్డంకి.
సూత్రం ఒకటికి పన్నెండు.
అడుగు ఎత్తు ఎక్కించాలంటే
నేల పన్నెండడుగుల ఓపిక పరచాలి.
మా ఊరికి అంత ఓపికెక్కడిది?
కొండ మీంచి జారుతూ వచ్చి
సముద్రం కనపడి బ్రేకు వేసిన ఊరు.

కొలతలకి ఇద్దర్ని రమ్మన్నారు.
వాసుపల్లి ఎల్లాజీ, జాలరిపేట,
ఇరవయ్యేళ్ళు వల లాగాక చూపు పోయినవాడు.
కర్రి రోజారమణి, జాకెట్లు కుడుతుంది,
చక్రాల కుర్చీ, అరచేతులకి
సైకిల్ ట్యూబు కోసి కుట్టుకున్న తొడుగులు.

ఎల్లాజీ కర్రతో ఫుట్‌పాత్‌ని తడిమాడు,
ఇసకలో పీత బొరియ వెతికినట్టు.
"ఇదేటి, నేలకి పొక్కులొచ్చాయి?"
పసుపు రాళ్ళండీ, అన్నాడు ఇంజినీరు.
చారలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని.
ఎల్లాజీ చారలు పట్టుకుని నడిచాడు, నమ్మకంగా,
పద్నాలుగడుగులు,
తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మలోకి.
"గీత మీదే గదా. దిమ్మ ఎవులిది?"
"అది కరెంటోళ్ళది."
"మరి నా నుదురో?"

అడ్డంకి: ఒకటి, అని రాశాను.

రోజారమణి మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.
పూర్ణా మార్కెట్ మలుపు దగ్గర
నా చేతిలో కాయితం వంగి చూసి,
"ఒక గడి తక్కువైంది," అంది.
ఏ గడి?
"బాబూ అనే గడి.
బాబూ, కాస్త పట్టు.
బాబూ, ఆ బండి జరుపు.
అన్నా, ఒక్క మెట్టు, నీకు పుణ్యముంటాది.
ఇంటి కాణ్ణించి ఇక్కడికి పదిహేడు.
ఎత్తేవోలు దొరుకుతారు, దొరక్కపోరు, మంచోలే.
కానీ ఏ పక్క పట్టాలో నన్నడగరు.
మూటనెవులైనా అడుగుతారేటి?"

మార్జిన్లో పెన్సిలుతో గీత కొట్టి
బాబూలు: 17 అని వేశాను.

ఆఫీసులో పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు.
"వీటికి యూనిట్ ఏంటయ్యా? మీటరా, మిల్లీమీటరా?"
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, జీతం అక్కడే మరి.
టైపు చేసిన కాపీలో ఆ గడి రాలేదు.

బడ్జెట్ చాల్లేదు.
మొదటి విడతకి పదమూడు చోట్లు మూడయ్యాయి,
మూడులో ఒకటి మా జోనల్ ఆఫీసు మెట్లే.
సిమెంటు తడారకముందే కొలిచాను,
ఆరాక మళ్ళీ కొలిచాను.
ఒకటికి పన్నెండు, వెంట్రుక తేడా లేదు.

వాయుగుండం పోయిన మర్నాడు
పింఛను కాయితం పట్టుకుని ఆవిడే వచ్చింది.
రిబ్బను లేదు, ఫొటో లేదు.
కిటికీలోంచి చూస్తూ
సొరుగులో ఆ పాత కాయితం తీశాను,
సున్నా వేద్దామని పెన్సిలు చెక్కుకున్నాను.

ర్యాంపు మొదట్లో కుర్చీ ఆగింది.
కాసేపు అటూ ఇటూ చూసింది.
తర్వాత తలెత్తి,
"బాబూ!"

వాలుకి అడ్డంగా ఒక స్కూటరు,
వేపకొమ్మ నీడలో, హాయిగా.
సీటు మీద ఆరేసిన తువ్వాలు నాదే.

మెట్లు ఎలా దిగానో తెలీదు.
తాళం కోసం జేబులో చెయ్యి పెడితే టేపు వచ్చింది.
"పదిహేడులో ఒకటి మిగిలిందిలే," అంది,
నవ్వలేదు, కోపమూ లేదు.

బండి పక్కకి తీశాను.
ఆవిడ ఎక్కుతుంటే
నా చేతులు వాటంతటవే కుర్చీ వెనక్కి వెళ్ళాయి.
పట్టుకోబోయి,
అడగలేదని గుర్తొచ్చి,
జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.