దొంగ తూము

కిందటేడు తొడ మొదట్లోంచి వెళ్ళారు.
ఇసక మూట బరువేసి
ఆరు గంటలు కాలు కదపొద్దన్నారు.
నలభయ్యేళ్ళు లాకు చక్రం తిప్పినవాణ్ణి,
నన్నెవరూ అలా ఆపింది లేదు.

ఈసారి ఎడమ చెయ్యి చాపమంది డాక్టర్ ఇందుమతి.
"పిడికిలి బిగించండి సూర్యచంద్రం గారూ."
మణికట్టు మీద రెండు పక్కలా నొక్కిపట్టింది.
విప్పితే అరచెయ్యి
కట్టేసిన కాలువ అడుగులా పాలిపోయింది.
బొటనవేలి వైపు నొక్కే ఉంచి
చిటికెనవేలి వైపు వదిలింది.
బిలబిలా ఎరుపు.
"ఒకటి మూసినా రెండోది సరిపెడుతుంది" అంది.
"ఆయ్, వంతుల పద్ధతేనండి" అన్నాను.
కాకినాడలో ఆ చల్లటి గదిలో
నాకు తెలిసిన మాట అదొక్కటే.

సూది తెలిసింది. తర్వాతది తెలీలేదు.
చెయ్యంతా ఒకసారి మండి ఊరుకుంది.
దారప్పోగంత గొట్టం
మోచెయ్యి దాటి, చంక మలుపు తిరిగి,
గుండె గుమ్మం ముందునుంచి చప్పుడు లేకుండా
కార్జం దాకా దిగింది.
తెర మీద నల్లటి కొమ్మలు విచ్చుకున్నాయి.
గౌతమి, వైనతేయ, వాటికింద పంట కాలువలు, బోదెలు...
నేనెరిగిన పటమే,
ఊళ్ళ పేర్లు లేవంతే.

"అదుగో గడ్డ. ఎలా తాగేస్తోందో చూడండి."
చూశాను.
రాత్రిపూట గట్టు తొలిచి పెట్టిన దొంగ తూము.
"మూసేస్తున్నాను" అంది.

ఎన్ని మూశానో ఈ చేతుల్తో,
గడ్డీ మట్టీ పాత గోనె కుక్కి.
ఒక్కటి మూయలేదు.
దాళ్వా చివరి తడి నాడు
శివారులో మాణిక్యమ్మ
పొట్టకొచ్చిన అరెకరం వెనకేసుకుని
మోకాల్లోతు నీళ్ళలో
గొట్టానికి అడ్డంగా నిలబడింది.
ఏమీ అనలేదు.
టార్చి ఆర్పి వెనక్కి తిరిగాను.
రిజిస్టరులో ఆ రాత్రి
"అంతా సవ్యం" అనే ఉంటుంది.

బల్లమీద పడుకుని అది చెప్పబోయాను.
ఎందుకో చెప్పలేదు.
గడ్డకి మాణిక్యమ్మ మొహం లేదు కదా.
తెర మీద కొమ్మ ఒకటి ఆరిపోయింది.

మణికట్టుకి గాలి పట్టీ చుట్టారు.
నర్సు పిల్ల వచ్చినప్పుడల్లా
కొంచెం కొంచెం గాలి తీస్తోంది.
"అలాగే అమ్మా, గబుక్కున వదలకు,
గట్టు తెగుద్ది" అన్నాను.
నవ్వింది.

నా అంతట నేనే లేచి నడిచాను.
కుడిచేత్తో టీ తాగాను.
పట్టీ తీశాక చూస్తే
మినపగింజంత మచ్చ.
చెవి దగ్గర పెట్టుకోవాలనిపించింది.
లాకు తలుపుకి చెవి ఆనించి
అవతల నీరెంతుందో వినేవాణ్ణే,
అలా.