ముందరి ఉంగరం

సుల్తాన్ బజార్ వెనక సందులో
వజాహత్ సాబ్ బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి
రెండు స్కోపులు పక్కపక్కన పెట్టాడు,
పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు.
ఒకదానికి పక్కన గుండ్రటి మర.
ఇంకోదానికి ముందు అద్దం చుట్టూ తిరిగే ఉంగరం.
"ఇప్పుడందరూ మరనే అడుగుతున్నరమ్మా," అన్నాడు,
"ఉంగరం పాతకాలంది. పద్నాలుగు వేలు తక్కువ కూడా."

కిటికీ అవతల, నాలుగు మేడల దూరంలో
ఎవరిదో నీళ్ల ట్యాంకు.
దాని మీద సున్నంతో రాసిన ఫోన్ నంబరులో
చివరి ఏడు మీద గీతల్ని నిలబెట్టాను.
"తల కదుపు బేటా, స్కోపు కాదు."
కదిపాను, బియ్యపుగింజంత.
గీతలు ఏడు మీంచి జారి
పక్కనున్న రెండు దాకా ఈదుకుంటూ పోయాయి.
ట్యాంకు కదల్లేదు, స్కోపు కదల్లేదు,
గీతలకు మాత్రం ఎక్కడో పనిపడింది.

పుస్తకంలో దీని పేరు లంబనం.
నాకు మాత్రం ప్యాసింజర్ బండి కిటికీ గుర్తొస్తుంది.
కరెంటు స్తంభాలన్నీ వెనక్కి పరుగెత్తేవి,
మౌలాలి గుట్ట ఒక్కటే
లాలాగూడ దాకా నాతో నడిచొచ్చేది.
దూరపు బొమ్మా, దగ్గరి గీతా
ఒకే పీట మీద కూర్చోకపోతే
కన్ను ఎటు జరిగితే నిజం అటు జరుగుతుంది.

"మర తీసుకో, చెంప ఎత్తే పనుండదు"
అన్నాడు కోచ్ దానియేలు.
రేంజిలో అందరిదీ అదే మాట.
అందరూ కుడిచేతివాళ్లు.
నాది పుర్రచెయ్యి.
మూడో తరగతిలో స్కేలు దెబ్బ తిన్న చెయ్యి,
ప్రసాదానికి చాచితే వెనక్కి కొట్టించుకున్న చెయ్యి.
ట్రిగ్గరు మీదికి చేరాక మాత్రం
ఎవరూ దాన్ని ఏమీ అనలేదు.
మర ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది.
అది తిప్పాలంటే ట్రిగ్గరైనా వదలాలి,
లేదా కుడిచేతిని స్కోపు మీంచి
గొంగళిపురుగులా పాకించాలి.
ఉంగరానికి కుడీ ఎడమా తెలీదు.
గుండ్రంగా ఉంది, అంతే.

"మర లోపల పళ్లుంటయ్," అన్నాడు వజాహత్ సాబ్,
"పళ్ల మధ్య కొంచెం ఆట ఉంటది.
ఎప్పుడూ ఒక్క దిక్కు నుంచే రావాలె,
దాటిపోతే మళ్లా మొదటికి పోవాలె.
ఉంగరంలో ఆ లొల్లి లేదు. ఆ సుఖం కూడా లేదు.
అంకెల్ని నమ్మకు, రెంటిమీదా.
ఎండకో తీరు, చలికో తీరు."
ఇన్నేళ్లుగా అద్దాలు తుడిచిన మనిషి
రాసిన అంకెను నమ్మొద్దంటే, నమ్మాను.

శామీర్‌పేట అవతల, ఏప్రిల్.
బండల మీంచి ఎండ నీళ్లలా లేస్తోంది.
మూడొందల మీటర్ల కాడ కాగితం
చెరువు అడుగున పరిచినట్టు వణుకుతోంది.
చెంప ఎత్తి, బోర్లా పడుకునే ముందుకు పాకి,
సైకిల్ ట్యూబు చుట్టిన ఉంగరాన్ని గోరుమందం తిప్పి,
వెనక్కొచ్చి, చెంప ఆనించి,
తల కదిపి చూస్తే
ఇంకా తేలుతోంది.
మళ్లీ పాకి.
పక్క లేన్లో మృదుల ఆలోగా మూడు గుళ్లు పేల్చేసింది.

నాలుగోసారికి గీతలు కాగితానికి అతుక్కున్నాయి,
తడి చొక్కా వీపుకి అతుక్కున్నట్టు.
తల ఎటు ఊపినా అక్కడే.
అప్పుడు వచ్చే నిశ్శబ్దం గురించి
నేనెవరికీ చెప్పలేదు.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాను.
ఉంగరం తప్పు కాదు. గాలి.
గాలి కనబడే అద్దం ఏదైనా ఉందా అని
వజాహత్ సాబ్‌ని అడిగాను.
"ఉంటే నేనే కొనుక్కుందును," అన్నాడు,
భూతద్దం కంటికి బిగించుకుని
ఎవరిదో గడియారం మూత తెరుస్తూ.